పచ్చడి డబ్బాతో చీరల షాపుకి

ఈ రోజు ఉగాది. అనకాపల్లిలో ఒక చీరల షోరూంలో సేల్స్‌లో పనిచేసే మా ఆవిడకి మాత్రం సెలవు లేదు. పొద్దున్న నేను వేపపువ్వు వెతికి తెచ్చేసరికే డ్యూటీకి వెళ్ళిపోయింది. అమ్మ తినకుండా తనూ పచ్చడి తిననని మా పాప మొండికేసింది. ఇక చేసేదేముంది? చిన్న డబ్బాలో పచ్చడి పెట్టుకుని, మధ్యాహ్నం ఇద్దరం కస్టమర్లలా షోరూంకి వెళ్ళాం.

మేనేజర్ ఇటే చూస్తున్నాడు.

"రండి సార్, ఏటి సూపించమంటారు?" అంది మా ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

ఒక్కో చీరా విప్పించాం. ఎనిమిదో చీరని అంచు చూస్తున్నట్టుగా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. దాని చాటున పాప వాళ్ళమ్మ నోట్లో చెంచాడు పచ్చడి పెట్టి, తనూ ఓ చెంచా తింది.

"బెల్లం ఎక్కువేసేరు," అంది మా ఆవిడ మెల్లగా.

"ఇంకో చీర సూపించండి మేడమ్," అంది పాప, అక్కణ్ణుంచి కదలకుండా.

ఇంతలో వేరేవాళ్ళు రావడంతో ఆవిడ అటు తిరిగింది. ఏమీ కొనకుండా బయటికొస్తుంటే, గుమ్మం దగ్గర మేనేజర్ దణ్ణం పెట్టాడు.

"పండగపూట ఫ్యామిలీతో వచ్చేరు, సంతోషమండీ. మీలాంటోళ్ళ కోసమే ఈ రోజు తెరిసేం."

పండగ రోజు షాపులు మూసెయ్యాలని నా వాదన. అయినా తలూపి వచ్చేశాను.

ఆవిడ ఇంకా ఇంటికి రాలేదు. "దీపావళికి అమ్మ షాపుకి ఏ చీరలు కొనేవాళ్ళలా వెళ్దాం నాన్నా?" అని పాప అడుగుతోంది. మీరైతే ఏం చెప్తారు?