టీపీ లేని ఓడ కర్ర

2022 వేసవి. టేకులపల్లి వైపు పోయే అడవి దారిలో, ఒక చెక్‌పోస్టులో నేను అటవీ శాఖ సెక్షన్ ఆఫీసర్‌ని. టేకు కర్ర ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలంటే టీపీ ఉండాలి. టీపీ అంటే ట్రాన్సిట్ పర్మిట్, ఆ కర్ర ఎక్కడిదో, ఎక్కడికి పోతోందో రాసిన కాగితం. అది లేకపోతే బండి ఆపి కర్రను స్వాధీనం చేసుకోవాలి. దొంగ టేకుకు పాత రంగు పూసి, "మా తాతల నాటి తలుపులు మేడం" అని నా ముందు ఏడ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే కథలు వినడం ఎప్పుడో మానేశాను.

ఆ మధ్యాహ్నం ఒక ట్రాలీ ఆటో వచ్చింది. డ్రైవర్ పక్కన ఇద్దరు ముసలాయనలు ఇరుక్కుని కూర్చున్నారు. టార్పాలిన్ ఎత్తితే మందపాటి టేకు పలకలు, మూలలు గుండ్రంగా ఉన్న ఒక తలుపు కనిపించాయి.

"టీపీ ఏది?"

"టీపీ ఏంది బిడ్డా? ఇది అడవి కర్ర గాదు, ఓడ కర్ర" అన్నాడు అందులో పొడుగాయన.

నాకు నవ్వొచ్చింది. హ్యామర్ తెప్పించాను. స్వాధీనం చేసుకున్న కర్ర మీద దాంతో కొడితే మా గుర్తు అచ్చు పడుతుంది, ఇక చెరగదు. మొదటి పలక మీద గట్టిగా కొట్టాను. పొడుగాయన కళ్లు మూసుకున్నాడు.

"కొట్టకు బిడ్డా. దీని మీద మేం ఉత్త కాళ్లతోని తిరిగినం. రోజూ పొద్దుగాల ఉప్పునీళ్లు పోసి రుద్దినం."

ఆ గొంతు విని రెండో దెబ్బ ఆపాను.

ఆయన పేరు సత్తెయ్య, ఊరు టేకులపల్లి. రెండో ఆయన ఎర్రుపాలెం కోటేశ్వరరావు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు నేవీలో ఒకే ఓడ మీద పనిచేశారు. అది మైన్‌స్వీపర్, అంటే శత్రువులు నీళ్లలో పెట్టిన బాంబులను ఏరేసే ఓడ.

"ఓడను కర్రతో ఎందుకు చేస్తారు?" అన్నాను, ఇంకా నమ్మక.

"ఆ మైన్లు ఇనుమును పసిగట్టి పేలతాయమ్మా" అన్నాడు కోటేశ్వరరావు. "అందుకే మా ఓడ ఒళ్లంతా కర్రే. బోల్టులు కూడా ఇత్తడివి. కావాలంటే చూడండి."

డ్రైవర్ ఫోన్ స్టాండుకు అయస్కాంతం ఉంది. దాన్ని ఊడదీసి బోల్టులకూ తలుపు కీళ్లకూ ఆనించాను. ఒక్కదానికీ అంటుకోలేదు. పలకల అంచులు గీకితే దూది, తారు బయటపడ్డాయి. పలకల మధ్య సందుల్లోకి నీళ్లు దిగకుండా కూరింది అది. ఏ ఇంటి తలుపులోనూ నేనలాంటిది చూడలేదు.

ఓడను విరగ్గొట్టినప్పుడు కోటేశ్వరరావు ఈ కాస్త కర్ర సంపాదించి, ఎర్రుపాలెం పెంకుటింట్లో అటక కట్టించుకున్నాడట. ఇప్పుడా ఇల్లు పడగొడుతున్నారు. కర్రను వడ్రంగికి ఇచ్చి కిటికీలు చేయిద్దామని పిల్లలు అంటే, ఆయన సత్తెయ్యకు ఫోన్ చేశాడు. సత్తెయ్య మర్నాడే ఆటోతో దిగాడు.

"ఇనుప ఓడలను మ్యూజియంల పెట్టి సూపిస్తరు. మాదాన్ని కట్టెల లెక్క జేసిండ్రు. ఇగ మిగిలింది గిదే" అన్నాడు సత్తెయ్య.

నాకు నమ్మకం కుదిరింది కానీ, ఆ నమ్మకంతో బండి వదలలేను. మా పై అధికారి రేంజ్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే, ఎర్రుపాలెంలో విచారించి రాయమన్నారు. అక్కడి పంచాయతీ కార్యదర్శిని బతిమాలి ఆ ఇంటికి పంపాను.

మీరు ఇంటికి పోయి రేపు రండి అంటే ఇద్దరూ వినలేదు. ఒకాయన బెంచీ మీద పడుకుంటే రెండో ఆయన ఆటో పక్కన నిలబడ్డాడు. సరిగ్గా నాలుగింటికి సత్తెయ్య లేచి, చొక్కా సర్దుకుని వెళ్లి, "నేనొచ్చిన, నువ్వు పో" అన్నాడు. కోటేశ్వరరావు వచ్చి బెంచీ మీద వాలాడు. ఓడ మీద కాపలా అలాగే మారేవాళ్లట. ఆ ఎండలో వాళ్లను చూస్తూ కూర్చోలేక, కుర్చీ, గొడుగు పంపించాను. సత్తెయ్య గొడుగు తీసుకున్నాడు, కుర్చీ వద్దన్నాడు.

అయిదు దాటాక ఫొటోలు వచ్చాయి. సగం కూలిన గోడ, అటక దూలాలు, ఇంకా ఊడదీయని రెండు పలకలు, వాటికి అవే ఇత్తడి బోల్టులు. పంచనామా రాసి, రేంజ్ ఆఫీసర్ అనుమతితో టీపీ ఇచ్చాను.

"నేను కొట్టిన గుర్తు పోదు, సార్. తప్పయింది" అన్నాను.

"నీ డ్యూటీ నువ్వు జేసినవ్. మేం గూడ డ్యూటీ జేసినోళ్లమే" అన్నాడు సత్తెయ్య.

దసరా సెలవుల్లో టేకులపల్లి వెళ్లి చూశాను. సత్తెయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ పలకలు వరసగా పరిచి, నూనె పెట్టి, తలుపు నిలబెట్టారు. ఎర్రుపాలెం నుంచి కోటేశ్వరరావు కూడా వచ్చి ఉన్నాడు. చెప్పులు విప్పి ఎక్కమన్నారు. పాదాల కింద కర్ర నున్నగా, చల్లగా ఉంది.

"మేడం, మీకు కర్ర తెలుసు కదా. ఈ చెట్టు ఏ అడవిదో చెప్పగలరా?" అడిగాడు కోటేశ్వరరావు. "అన్నేళ్లు దీని మీద బతికాం గానీ అది మాత్రం తెలియలేదు."

వంగి చూశాను. వలయాలు బాగా దగ్గరగా ఉన్నాయి, నిదానంగా పెరిగిన చెట్టు. అంతకు మించి చెప్పలేకపోయాను. ఎక్కడో ఒక అడవిలో, నాలాంటి ఎవరో దానికి కాగితం రాసి పంపించి ఉంటారు. అది సముద్రం మీద తిరుగుతుందని, ఇద్దరు మనుషులకు ఇంత కావలసినదవుతుందని వాళ్లకు తెలిసి ఉండదు.

కర్ర ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం నాకు శాఖ నేర్పింది. అది ఎవరి చేతుల్లో బతికిందని కూడా అడగాలని ఆ ఇద్దరి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు చెక్‌పోస్టులో బండి ఆపితే, ముందు కుర్చీ వేసి మనిషిని మాట్లాడనిస్తాను. చాలాసార్లు వినేది అబద్ధమే. అయినా వింటాను.