రీగాలో లేని అనూష

2022వ సంవత్సరం డిసెంబరు 11, ఆదివారం. అంతకు రెండు రోజుల ముందు తమిళనాడు దగ్గర తీరం దాటిన తుపాను నెల్లూరును ఇంకా పూర్తిగా విడిచిపెట్టలేదు. ఊరంతా సన్నని ముసురు, ఆరని బట్టల వాసన. ట్రంకురోడ్డు గుంటల్లో నిలిచిన నీటిని ఆటోలు ఇరుపక్కలకూ చిమ్ముతూ పోతున్నాయి. పక్క సందులో, మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉన్న విదేశీ విద్య కార్యాలయపు వెనక గదిలో ఉషారాణి కిటికీ బిగించి, ఫ్యాను ఆపి, తన పేరు అనూష అని మరొకసారి జ్ఞాపకం చేసుకొన్నది.

గోడ మీద రెండు గడియారాలు. ఒకటి నెల్లూరుది. దానికి మూడున్నర గంటలు వెనకగా నడిచే రెండోది, లాత్వియా దేశపు రాజధాని రీగాది. బల్ల మీది ఫోనులో ఉన్నది ఆ దేశపు నంబరు. నంబరు పక్కన ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకొని మంచులో నవ్వుతున్న ఒక పిల్ల బొమ్మ. ఎవరి పిల్లో ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియదు. రీగాకు చదువుకోవడానికి పోదలచినవారికి యజమాని సుకుమార్ ఆ నంబరు ఇచ్చి, "మన సీనియర్ అమ్మాయి అక్కడే ఉంది, ఏం డౌటున్నా అడగండి" అంటాడు. అడిగినవారికి ఉషారాణి నెల్లూరులో కూర్చొని రీగా చలిని వర్ణిస్తుంది.

ఆ ఉదయం ఫోను చేసినది మైపాడు రోజారమణి. చేపలవేట మీద బతికే ఇంటి పిల్ల. డిగ్రీ ముగించి, సరుకు రవాణా నిర్వహణ చదవడానికి రీగాలో సీటు తెచ్చుకొన్నది. జనవరి 27న విమానం ఎక్కాలి.

"అక్కా, మీకాడ ఇప్పుడు టైమెంత?"

ఉషారాణి రెండో గడియారం చూసింది. "ఏడున్నర. ఇంకా తెల్లవారలేదు రోజా."

"ఏడున్నరకి తెల్లారదా? మా నాయన వింటే, ఆ ఊరోళ్ళు ఏటకి ఎప్పుడు పోతారో అడగమంటాడు." రోజారమణి నవ్వి, కాగితం తిప్పిన చప్పుడు చేసింది. "సరే అక్కా, రాసుకుంటా ఉండా. ట్యాపు నీళ్ళు తాగచ్చా? గుడ్డలు యాడ ఆరేస్తారు? దిగినాక, నేను వచ్చినానని ముందు ఎవురికి చెప్పాల?"

సుకుమార్ రాసి ఇచ్చిన కాగితంలో ఇటువంటి ప్రశ్నలకు చోటు లేదు. అందులో ఉన్నవి మంచు అందం, దొరకబోయే చిన్న ఉద్యోగాలు, సిద్ధంగా ఉన్న గది. అట్టడుగున, గీత గీసిన ఒక వాక్యం. ఉషారాణి దానినే చదివింది.

"ఎయిర్‌పోర్టుకు నేనే వస్తాను కదా. అన్నీ దగ్గరుండి చూపిస్తాను."

"నువ్వొస్తావా? అయితే నాకింక బయం లేదక్కా."

ఫోను పెట్టగానే ఉషారాణి కుళాయి దగ్గరకు పోయి నోరు పుక్కిలించింది.

కొడవలూరు మాల్యాద్రి కూతురామె. వరి మడుల గట్ల మీద నడిచి బడికి పోయిన పిల్ల. ఒకరు తాగిన గ్లాసును మూడుసార్లు తోమితే తప్ప ముట్టేది కాదు. ఎమ్మెస్సీ అయిన తరువాత, దరఖాస్తులు నింపే పనికని ఈ కార్యాలయంలో చేరింది. ఆ రోజుల్లో రీగా నంబరులో నిజంగానే ఒక విద్యార్థిని మాట్లాడేది. ఆమె విసిగి మానుకొన్నాక సుకుమార్ ఆ నంబరు సిమ్మును ఇక్కడికి తెప్పించి, "నీ గొంతు బాగుంటుంది మేడమ్, రెండు రోజులు మేనేజ్ చెయ్" అన్నాడు. ఆ రెండు రోజులకు రెండేళ్ళు నిండాయి. ఇంటర్నెట్టులో చదివినదే చెబుతున్నాను కదా, ఇందులో అబద్ధమెక్కడ, అని ఆమె తనకు తాను నచ్చజెప్పుకొనేది. నోరు మాత్రం ఒప్పుకొనేది కాదు.

దారి అడిగినవాడికి తెలియకపోతే తెలియదని చెప్పడం ఈ జిల్లాలో ఒకప్పుడు మర్యాద. బస్టాండులో సోడాలు అమ్మేవాడు సైతం, "నాకు తెలవదు సామీ, ఆ కండక్టర్ని అడుగు" అనేవాడు. ఆ చిన్న వాక్యం మన నోళ్ళలో నుంచి ఎప్పుడు జారిపోయిందో గమనించినవారు లేరు. ఇప్పుడు తెలియనివాడే ముందు చెబుతాడు, ఎక్కువ చెబుతాడు, నవ్వుతూ చెబుతాడు.

బుధవారం నాడు రోజారమణి తల్లిని వెంటబెట్టుకొని కార్యాలయానికి వచ్చింది. తల్లి పేరమ్మ చేతిలో గోతం గుడ్డతో కుట్టిన సంచి. నిండా ఎండు రొయ్యలు.

"ఇది ఆ అనూష పాపకి. ఎవురన్నా పోయేవోళ్ళు ఉంటే పంపించండి సార్. మా బిడ్డకి ఇంత సాయం చేస్తా ఉండాది. తాడు మీద చెయ్యేసినోళ్ళకి వంతు ఇయ్యకుండా ఎట్టా పంపిచ్చేది?"

మైపాడు ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు తాడు పట్టినవాడు దారిన పోయేవాడైనా సరే, చేపల్లో వంతు తీసుకొని పోవాలి. పేరమ్మ లెక్కలో అనూష తన కూతురి తాడు పట్టింది.

సుకుమార్ ముక్కు దగ్గరకు పోబోయిన చేతిని నమస్కారంగా మార్చాడు. "తప్పకుండా పంపిస్తామండీ." ఉషారాణి పక్కనే నిలబడి ఉన్నది. నోరు విప్పితే రోజారమణి గొంతు గుర్తుపడుతుంది. సంచి అందుకొని తల మాత్రం ఊపింది.

"ఈ పాపకి మాటలు రావా?" అన్నది పేరమ్మ జాలిగా.

"గొంతు బాగలేదండీ, ముసురు కదా" అన్నాడు సుకుమార్.

వారు మెట్లు దిగగానే అతడు ఏసీ పెంచి, "అది బయట పారెయ్ మేడమ్, రూమంతా కంపు" అన్నాడు. ఒకరి ఎంగిలి గ్లాసు ముట్టని ఉషారాణి ఆ సంచిని ఒంటికి ఆనించి పట్టుకొని నిలబడింది.

"27న ఎయిర్‌పోర్టుకు ఎవరు పోతారు సార్?"

"నువ్వే గదా పోతానన్నావ్." తన హాస్యానికి తానే నవ్వి, పళ్ళ సందున ఇరుక్కొన్న మైసూర్‌పాకు తునకను గోటితో తీసుకొన్నాడు. "ఆ రోజు పొద్దున్నే ఆమె నంబర్ బ్లాక్ చేసెయ్. దిగినాక వాళ్ళే పడతారు తంటాలు. ఇంతమంది పోలేదా?"

"మరి రూము?"

"అడ్రస్ ఇచ్చాం గదా, పోయినేడాది బ్యాచ్‌ది. ఖాళీగా ఉంటే ఉంటుంది."

ఆ గోరును అతడు బల్ల అంచుకు తుడిచాడు. రెండేళ్ళుగా ఆ బల్ల మీదనే అన్నం తింటున్న ఉషారాణి, తన డబ్బాను దాని మీద నుంచి తీసేసింది.

మరునాడు ఆమె కార్యాలయానికి పోలేదు. సంచి ఒళ్ళో పెట్టుకొని మైపాడు బస్సు ఎక్కింది. పేరమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి కింద వలలోని చెత్త ఏరుతున్నది.

"ఎవురు కావాల?"

"రోజారమణి కావాలండీ."

"అనూషక్కా! ఎప్పుడొచ్చినావు?" అంటూ లోపలి నుంచి పరుగున వచ్చిన రోజారమణి, వాకిట్లో కార్యాలయపు మూగపిల్లను చూసి నిలిచిపోయింది.

ఉషారాణి కూర్చోలేదు. రెండు గడియారాల దగ్గర మొదలుపెట్టి నంబరు తెగ్గొట్టమన్న మాట వరకూ నిలబడే చెప్పింది.

పేరమ్మ వల వదిలి లేచింది. "అంటే నా బిడ్డ ఆ చలిలో దిగి, నీకోసం ఎదురు చూస్తా నిలబడేదా?"

"అవును."

పేరమ్మ పక్కకు తిరిగి ఇసుకలో ఉమ్మింది. "మేం ముట్టుకుంటే కంపని మొకం తిప్పుకుంటారే మీ టౌనోళ్ళు. మా కంపు సబ్బుకి పోతాది. నువ్వు యాడ కడుక్కుంటావు మే? ఆ సంచి ఈడ పెట్టబాక. నేను ముట్టను."

"ఉండుమా, తిట్టేదానికి సాయంత్రం దాకా టైముండాది" అన్నది రోజారమణి. తరువాత ఉషారాణి వైపు తిరిగింది. "నీ పేరేంది?"

"ఉషారాణి."

"నువ్వు చెప్పినయ్యన్నీ రాసిపెట్టినా. నిజమేదో, అబద్దమేదో ఒక్కొక్కటే చెప్పు." లోపలికి పోయి నోట్‌బుక్కు తెచ్చింది. "ట్యాపు నీళ్ళు?"

"తాగవచ్చు."

"తాగినావా, చదివినావా?"

"చదివినాను."

రోజారమణి దాని పక్కన 'చదివింది' అని రాసింది. "ఆడికి పోయిన నెల్లోపే పని దొరకతాదంటివి?"

"అబద్ధం."

"గుడ్డలు ఆరేసేది?"

"తెలియదు."

"నువ్వు ఎయిర్‌పోర్టుకి వచ్చేది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆ వరుసను రెండుసార్లు కొట్టేసింది.

నలభై మూడు రోజులు మిగిలి ఉన్నాయి. పేరమ్మ ఒక్క మాటా మాట్లాడని ఆ పందిరి కింద ఇద్దరూ కూర్చొని విశ్వవిద్యాలయానికి నేరుగా ఉత్తరాలు రాశారు. హాస్టలులో మంచం ఖాయమైనట్లు వారి నుంచే కాగితం తెప్పించారు. విమానాశ్రయం నుంచి బస్సు ఎక్కే చోటు, దిగే చోటు పటంలో చూసి రాసుకొన్నారు. ఫోను ఆరిపోయినా చదువుకొనేందుకు చిరునామాను కాగితం మీద ఆ దేశపు భాషలో దించారు. పెట్టె రాకపోతే రెండు రోజులు గడిచేందుకు ఉన్ని బట్టలు, మందులు, పత్రాల నకళ్ళు చేతిసంచిలో సర్దారు. జనవరిలో రోజారమణి దిగినప్పుడు అక్కడ ఎవరూ ఎదురు చూడలేదు. ఎవరూ ఉండరని ఆమెకు ముందే తెలుసు. "చేరినా" అని ఒక్క మాట పంపింది. మూడు రోజుల తరువాత ఒక ఫోటో వచ్చింది. వంటగది తొట్టిలో ఎవరెవరో తిని వదిలిన గిన్నెలు, వాటి మీద ఆకుపచ్చ బూజు. కింద, "ఇది నీ కాగితంలో లేదే" అని.

ఉషారాణి కొడవలూరులో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పే పనికి చేరింది. రెండు నెలలయ్యాక తండ్రి ఫోను నుంచి ఆ పాత నంబరుకు చేసి చూసింది. "హాయ్, నేను అనూష, ఇక్కడ మంచు భలే ఉంది" అన్నది, ఇరవై ఏళ్ళు కూడా నిండని ఒక గొంతు. ఆ పూట ఉషారాణి అన్నం ముందు కూర్చొని లేచిపోయింది.

చదువు ముగించి రీగాలోనే ఉద్యోగంలో కుదురుకొన్న రోజారమణికి, రెండున్నరేళ్ళ తరువాత ఉషారాణి రాసి ఫోనులో పంపిన ఉత్తరం ఇది.

కొడవలూరు,
24 ఆగస్టు 2025.

రోజారమణికి,

మా ఊరి పిల్ల ఆదిశేషమ్మ సెప్టెంబరు ఒకటిన అక్కడికి వస్తున్నది. నీ నంబరు ఇచ్చాను. బాగుంటుందని మాత్రం చెప్పకు. ఆ వంటగది సంగతి చెప్పు. సొంత గిన్నె, సొంత పీచు కొనుక్కొని గదిలోనే పెట్టుకోమని చెప్పు. మనవాళ్ళే కదా అని గది చూడకుండా ఎవరి అద్దె కాగితం మీదా సంతకం పెట్టవద్దను. సెప్టెంబరులో ఎండ చూసి కోటు కొనడం వాయిదా వేయవద్దను. ఏడుపు వస్తే అది మొదటి నెలలో అందరికీ వచ్చేదేనని, నీకూ వచ్చిందని చెప్పు.

మీ అమ్మ నాతో ఇప్పటికీ మాట్లాడదు. మైపాడులో ఎదురుపడితే మొహం తిప్పుకొంటుంది. మాట్లాడించమని నిన్ను అడగను. నేను చేసినది అటువంటి పనే.

విమానం మధ్యాహ్నం రెండుంబావుకు దిగుతుంది. నీకు వీలు కాకపోతే ఈ వారంలోనే తెలియజెయ్యి, ఎవరూ రారని ముందే చెప్పి పంపుతాను. వచ్చేటట్లయితే బయట బస్సుల దగ్గర కాదు, లోపల, ఆ పిల్ల తలుపు దాటగానే కనబడేటట్లు నిలబడు.

ఉషారాణి