బుగ్గల తుపాకి, బామ్మర్ది రైఫిల్

ఈ సంగతి రాసి పెట్టాలని నాకు కోరుట్లలో ఒక పెళ్లి భోజనాల దగ్గర అనిపించింది. ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డాను. నా వెనక ఉన్న పెద్దమనిషి నన్నెరగడు. పక్కాయనతో అంటున్నాడు:

"జాతరల బుగ్గలు కొట్టే తుపాకి లేదా, దాన్ని పట్కచ్చి పోటీలల్ల కొట్టే రైఫిల్ జేసిండట. ఎవలనుకున్నవ్? గా దుబాయోళ్ల చిన్నోడు."

మా వైపు బుగ్గలంటే బెలూన్లు. దుబాయోళ్ల చిన్నోడంటే మా బామ్మర్ది, నా భార్యకు తమ్ముడు. ఆ రైఫిల్ చేసింది నేను. వెనక్కి తిరిగి చెప్దామనుకున్నాను. చేతిలో ప్లేటు, ముందు బగారన్నం గిన్నె, చుట్టూ అంతా మా అత్తగారి చుట్టాలు. చెప్పలేదు. ఆ రోజు తిన్నది ఒంటికి పట్టలేదు. అందుకే రాస్తున్నాను. మావి చిన్న ఊళ్లు కాబట్టి పేర్లు రాయను. వరసలు చాలు.

నేను పదో తరగతితో బడి మానేశాను. కోరుట్లలో ఒక ఎరువుల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తాను. దుకాణానికి సెలవున్న రోజు బస్సెక్కి జగిత్యాల గ్రంథాలయానికి పోవడం నాకు పెళ్లికాక ముందు నుంచీ అలవాటు. నేను నేర్చుకున్న ఇంగ్లీషు అంతా అక్కడిదే, పక్కన నిఘంటువు పెట్టుకుని. స్ప్రింగు ఎందుకు సాగుతుందో, నీళ్లలో గరిటె ఎందుకు వంకరగా కనిపిస్తుందో నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. చదివి తెలుసుకున్నాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేం లేదు.

గురిపెట్టి కాల్చే ఆట నాకు పరిచయం చేసింది మా బామ్మర్దే. జగిత్యాలలో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన ఖాళీ గోదాములో పది మీటర్ల రేంజి పెట్టాడు. ఒక చివర బల్ల, ఇంకో చివర ట్యూబులైటు కింద పోస్టుకార్డంత అట్ట, దాని మీద నల్లని గుండ్రం. గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్‌ను కొట్టే రైఫిల్. సారు దగ్గర ఒకే పాత రైఫిల్ ఉండేది, బావా బామ్మర్దులం ఇద్దరం దానితోనే నేర్చుకున్నాం. అప్పుడు నేనే బాగా కొట్టేవాణ్ణి. ఇది నా మాట కాదు. "మీ బావను జూసి నేర్చుకోరాదురా," అని సారు అతనితో అందరి ముందు అన్నాడు.

తర్వాత దుబాయిలో ఉన్న వాళ్లన్న డబ్బులు పంపాడు. హైదరాబాదు దుకాణం నుంచి విదేశీ రైఫిల్ వచ్చింది. నల్లని పెట్టె, లోపల మెత్తని స్పాంజి, ఆ స్పాంజిలో రైఫిల్ ఆకారంలోనే కోసిన గుంట. పసిపిల్లను ఉయ్యాలలోంచి తీసినట్టు తీశాడు. దాని మీట వేస్తే వచ్చే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కొత్త బీరువా తలుపు పడ్డట్టు, మెత్తగా. ట్రిగ్గర్ మీద వేలు పెట్టి, ఊపిరి బిగబట్టేలోపే పెల్లెట్ నల్లగుండ్రం నడుమ ఉండేది.

"ఒకసారి పట్టి సూడు బావా," అన్నాడు.

"నాకు అలవాటైన దాంతోనే మంచిగుంటది," అన్నాను. దాన్ని ముట్టుకోవాలని నా చేతులు ఎంత గుంజాయో నాకే తెలుసు.

నెల తిరిగేసరికి అతను నన్ను దాటిపోయాడు. సారు నా అట్టలు చూసి తల ఊపాడు. "నీ చెయ్యి మంచిదే. చేతుల ఉన్నదే మంచిగ లేదు."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. దసరా తర్వాత జిల్లా ఎంపికలు ఉన్నాయి. మా రేంజి నుంచి హైదరాబాదుకు ఒక్కరే పోతారు. అతను పోతే అత్తగారింట్లో జీవితాంతం ఆ ముచ్చటే వినాలి. నేను పోవాలి. అదీ నా చేత్తో చేసుకున్న రైఫిల్‌తో పోవాలి.

గ్రంథాలయంలో గురి రైఫిళ్ల మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో ఉన్న మాట: ఖరీదైనదేదీ ముందు కొనకు, గొట్టం మంచిదైతే మిగతాది చేసుకోవచ్చు. కానీ మంచి గొట్టం ఎక్కడ దొరుకుతుంది? వేములవాడలో. గుడి దగ్గర బుగ్గల దుకాణం పెట్టే ఒకాయన దగ్గర గొట్టాన్ని నడుమకు విరిచి బిగించే గాలి తుపాకులు నాలుగైదు ఉండేవి. కొన్న తుపాకీకి రశీదు తీసుకుని, పోలీసు స్టేషనుకు పోయి, ఇలాంటి దానికి లైసెన్సు అక్కర్లేదు కదా అని కూడా అడిగి వచ్చాను. "బుగ్గలు కొట్టే తుపాకికి లైసెన్సెందుకే, ఇంటికి పోవయ్యా," అని కానిస్టేబులు నవ్వాడు.

కొనేముందు ఆ దుకాణంలో నేను చేసిన పని చూసి బుగ్గలాయన బిత్తరపోయాడు. ఒక్కో గొట్టంలోంచి పెల్లెట్‌ను సన్నని కడ్డీతో నెట్టి, బయటికి వచ్చాక దాని మీద గీతలు ఎలా పడ్డాయో భూతద్దంలో చూశాను. గీతలు సమానంగా పడితే లోపలి మెలికలు బాగున్నట్టు.

"ఏం సూస్తున్నవ్ పటేలా? దాన్ల బంగారమున్నదా?"

"ఇది అన్నిట్ల మంచిది. ఇదే ఇయ్యి."

"అయ్యో, అది వంకరగ కొడ్తదని పక్కకు పెట్టిన."

వంకరగా కొట్టేది గొట్టం కాదు, దాని మీది గురిబిళ్ల. బుగ్గలు తొందరగా పగలకూడదని ఎప్పుడో ఎవరో దాన్ని వంచి పెట్టారు. నేనది చెప్పకుండా డబ్బులిచ్చి వచ్చేశాను.

భుజానికి ఆనించే కొయ్య కోరుట్లలో ఒక వడ్రంగి మేస్త్రి చేశాడు. గల్ఫు డబ్బుతో కట్టే ఇండ్లకు తలుపులు చేసే మనిషి, ఆయన దగ్గర టేకు ముక్కలకు కొదవలేదు. పుస్తకంలోని బొమ్మను అట్ట మీద గీసి ఇచ్చాను. కొలతల్లో వెంట్రుకంత తేడా రాలేదు. కానీ చెంప ఆనించే చోట రెండు తామర పువ్వులు చెక్కి పెట్టాడు.

"ఇదేంది మేస్త్రీ?"

"ఉత్తగ ఇస్తె ఎట్లుంటది? మన చేతిపని కండ్లవడాలె గద."

నేను దానితో సాధన చేసి ఇంటికి పోతే చెంప మీద తామరపువ్వు అచ్చు ఉండేది. నా భార్య చూసి పడిపడి నవ్వేది. "మా తమ్ముని మీద ఏడ్సి ఏడ్సి నీ మొఖం మీద పువ్వులు పూసినయి," అనేది. తర్వాత గరుకు కాగితంతో ఆ పువ్వులు అరగదీశాను.

లోపలి పని సిరిసిల్లలో అయింది. అక్కడ మరమగ్గాలను సాంచలంటారు. సాంచలు బాగుచేసే ఒక మెకానిక్ నాకు పాత పరిచయం, నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. స్ప్రింగు మార్చాడు. ట్రిగ్గరు పళ్లను అద్దంలా నున్నగా రుద్దాడు. వెనక గురి చూడటానికి సన్నని రంధ్రం ఉన్న బిళ్ల చేశాడు. గాలిని తోసే పిస్టనుకు సాంచ తోలుతో వాచరు కోసి పెట్టాడు. ఎండాకాలమంతా ఆయన పని, నా పుస్తకం. పని సగం వాదన, సగం చాయ్.

వానాకాలంలో ఆ రైఫిల్ కొట్టడం మొదలుపెట్టింది. మొదట రూపాయి బిళ్లంత చోట, తర్వాత చింతగింజంత చోట పెల్లెట్లు పడ్డాయి. గోదాములో జనం బామ్మర్ది పెట్టెను వదిలి నా బల్ల చుట్టూ చేరారు. ఏడాదిలో నాకు కడుపు చల్లబడింది అప్పుడే. అతను కూడా వచ్చి చేత్తో కొయ్యను నిమిరాడు.

"బావా, నా తుపాకిని గిట్ల ఒక్కడన్న ముట్టి సూడలే," అన్నాడు.

నాకు చాలా సంతోషమైంది.

దసరా ముందు తోలు వాచరు గట్టిపడి రైఫిల్ బలం తగ్గింది. సిరిసిల్ల తీసుకుపోయి ఇచ్చాను. కొత్తది వేసి పండుగ తెల్లారి ఇస్తానన్నాడు అన్న. కానీ పండుగ తెల్లారి మా దుకాణానికి యూరియా లారీ వచ్చింది, కదలడానికి లేదు. ఎంపికలేమో మరునాడే. బామ్మర్ది బండి మీద పోయి తెచ్చాడు. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయిబలాయి అని కౌగిలించుకుని, రైఫిల్ ఇచ్చి పోయాడు. గోదాము అప్పటికే మూసేశారు. కొట్టి చూడటానికి చోటు లేక బీరువాలో పెట్టి తాళం వేశాను.

మా గోదాములోనే జరిగిన ఎంపికల్లో ముందు అతని వంతు. ఎప్పటిలా బాగా కొట్టాడు. తర్వాత నేను. అసలు లెక్క మొదలవక ముందు గురి సరిచూసుకోవడానికి కొన్ని దెబ్బలు కొట్టుకోవచ్చు. మొదటి దెబ్బకే రైఫిల్ పటాకులా పేలింది. గొట్టం చివర తెల్లని పొగ. పెల్లెట్ అట్టకు కూడా తగల్లేదు, పైన గోడలో దిగింది. రెండోది ఇంకా పెద్దగా పేలింది.

"ఏమాయె?" అని సారు పరుగెత్తుకొచ్చాడు.

నాకు ఒక్కటే తోచింది. నిన్న ఈ రైఫిల్ ఎవరి చేతిలో ఉంది? లేచి నిలబడి అందరి ముందు అడిగాను: "ఏం జేసినవురా దీన్ని?"

బామ్మర్ది ముఖం పాలిపోయింది. "నేనేం జేస్త బావా? కుంకుమ బొట్లుండె, తుడిచిన. గురి సూస్తుంటె నీకు అడ్డమస్తయి గద అని."

"కుంకుమెక్కడిది?"

అతను ఫోను తీసి సిరిసిల్ల అన్నకు కలిపి, అందరికీ వినిపించేలా పెట్టాడు. అవతల అన్న గొంతు హుషారుగా ఉంది.

"పండుగ గద తమ్మీ! సాంచలకు పూజ జేసినం, నీ తుపాకికి గూడ జేసినం. మీ వదిన బొట్టు పెట్టింది, నేను నూనె పోసిన."

"ఎక్కడ పోసినవే అన్నా?"

"గాలి వచ్చే బొక్కలకెల్లి పోసిన. లోపటికి పోవాలె గద. బయట బయట పోస్తె పూజెట్లయితది?"

గోదాము మొత్తం ఘొల్లుమంది. పిస్టను గాలిని ఒక్కసారిగా నొక్కితే ఆ వేడికి లోపలి నూనె డీజిలు ఇంజనులోలాగే మండుతుంది. ఈ సంగతి ఆ పుస్తకంలో ఉంది, నేను రెండుసార్లు చదివాను. అక్కడే నిలబడి అందరికీ వివరించాను కూడా. సారు గడియారం చూపించాడు. "పాఠం తర్వాత జెప్పు. నీ టైం నడుస్తాంది."

అప్పుడు బామ్మర్ది తన పెట్టె తెచ్చి నా బల్ల మీద తెరిచాడు. "బావా, దీంతోని కొట్టు. చెంపబిళ్ల నీ మందం సరిజేస్త." అంటూ చిన్న స్క్రూడ్రైవర్ తీసి మరలు వదులు చేయసాగాడు.

ఏడాదిగా నా కళ్లలో మెదిలిన వస్తువు, స్పాంజిలో, నా ముందు. దానితో కొడితే అతన్ని దాటుతానని నాకు తెలుసు. సారుకూ తెలుసు. బహుశా అతనికీ తెలుసు. అప్పుడు హైదరాబాదు పోయేది నేనే. కానీ కొట్టింది ఎవరి రైఫిలంటారు?

"స్క్రూడ్రైవర్ ఒక్కటి ఇయ్యి," అన్నాను.

నా రైఫిల్ కొయ్య విప్పి, గుడ్డతో అందినంత నూనె తుడిచి, మళ్లీ బిగించాను. మిగిలింది కాలిపోయేదాకా అట్ట వెనక గోడకు పోసిన మట్టి మీదికి కొడుతూనే ఉన్నాను. పొగ సన్నబడింది. చప్పుడు తగ్గింది. అసలు దెబ్బలు మొదలుపెట్టేసరికి సగానికి పైగా సమయం అయిపోయింది. విరిచి బిగించే తుపాకి, ఒక్కో దెబ్బకు లేచి గొట్టం వంచాలి. చివరికి పెల్లెట్లన్నీ నడుమ పడసాగాయి. అప్పుడే సారు ఈల వేశాడు. నేను కొట్టని అట్టలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటికి సున్నాలు.

హైదరాబాదుకు బామ్మర్దే ఎంపికయ్యాడు. సారు పోస్తున్న చాయ్ వదిలేసి, నా చివరి అట్టనూ అతని మంచి అట్టనూ ట్యూబులైటుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. రంధ్రాలు దాదాపు కలిశాయి. దాదాపు. అతనివి ఇంకా కాస్త దగ్గరగా ఉన్నాయి. ఆ కాస్త తేడా రైఫిల్‌దో చేతిదో ఇప్పుడు చెప్పగలిగేవాడు లేడు. తేల్చుకునే అవకాశం నా బల్ల మీదే ఉండింది, నేనే తీసుకోలేదు. హైదరాబాదులో అతను మొదటి వరుసలో రాలేదని ఫోను వచ్చిన రోజు నేను అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

ఇక కృతజ్ఞతలు. వంకరదని చెప్పి కూడా రైఫిల్ అమ్మిన వేములవాడ బుగ్గలాయనకు. అడగకుండానే పువ్వులు చెక్కిన కోరుట్ల మేస్త్రికి. పుస్తకం గడువు దాటినా ఏమీ అనని జగిత్యాల గ్రంథాలయం సారుకు. సిరిసిల్ల అన్నకు, ఆయన పనికి. నూనెకు కాదు. బొట్టు పెట్టిన వదినకు. చాయ్ చల్లారినా మళ్లీ వేడి చేసి ఇచ్చిన డ్రిల్లు మాస్టారికి. తమ్ముడి పక్షమో మొగుడి పక్షమో ఇప్పటిదాకా చెప్పని నా భార్యకు.

బామ్మర్దికి కూడా, స్క్రూడ్రైవర్ ఇచ్చినందుకు. రైఫిల్ కూడా ఇచ్చాడు, కానీ అది నేను తీసుకోలేదు కాబట్టి దానికి కృతజ్ఞత చెప్పే పని లేదు.