జేబులో ఉండిపోయిన ఉత్తరం

రొట్టెలాయనది మెత్తని మనసని వీధిలో అందరూ అంటారు. మెత్తదనమూ కాదు, మన్నూ కాదు, ఒట్టి మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు ఒక ముతక సామెతలో ఎప్పుడో చెప్పేశారు. ఆయన చెవికెక్కలేదు.

పెళ్ళికి ముందు పదేళ్ళు ఇంకొకరి బేకరీలో పిండి పిసికాడు. అక్కడ ఆయన్ని 'ఒరేయ్' అని తప్ప ఇంకోలా పిలిచినవాళ్ళు లేరు. ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే మామగారు గడప తొక్కనివ్వలేదు. 'ఆ పిండివాడు' అనేవాడు, అలా అంటూ అంటూనే పోయాడు. అందుకే సొంత బేకరీ పెట్టడానికి షాపు అద్దెకు తీసుకున్న రోజున, ఓనరు భుజం మీద చెయ్యి వేసి "రా అల్లుడూ" అనేసరికి మనిషి వెన్నలా కరిగిపోయాడు. ఆ పిలుపు మీదే పద్దెనిమిదేళ్ళు బతికాడు.

తీసుకున్నప్పుడు ఆ షాపంటే నాలుగు గోడలు, ఒక కుళాయి. వెనక గదిలో ఇటుకలతో రొట్టెల బట్టీ తనే కట్టుకున్నాడు. మూడుసార్లు నెర్రెలిచ్చింది, మూడుసార్లూ పడగొట్టి మళ్ళీ కట్టాడు. నాలుగోసారి కుదిరింది. ఏ మూల పెడితే బన్ను ఎర్రగా కాలుతుందో, ఏ మూల మాడుతుందో ఆయనకే తెలుసు. అలాంటి బట్టీని ఎత్తుకుపోవడం కుదరదు. కొత్తది కట్టి, ఆరబెట్టి, వేడికి అలవాటు చెయ్యాలంటే మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళు రొట్టె దొరక్కపోతే జనం ఇంకో షాపు చూసుకుంటారు, మళ్ళీ ఇటు తిరిగి చూడరు.

పద్దెనిమిదేళ్ళ లీజు ముగిసే ఏడాది భార్య ఆ కాగితాలు బయటికి తీసి అక్షరం అక్షరం చదివింది. గడువుకు మూడు నెలల ముందే రాసి ఇస్తే ఇంకో తొమ్మిదేళ్ళు ఉండొచ్చు. ఇవ్వకపోతే ఖాళీ చేసి, తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. ఆమే ఉత్తరం రాసి కవర్లో పెట్టింది. పోస్టులో పంపుదామంటే ఈయన ఒప్పుకోలేదు. అల్లుడూ అని పిలిచే మనిషికి పోస్టులో నోటీసు పంపితే ఏం బాగుంటుంది, నేనే వెళ్ళి ఇస్తానన్నాడు.

వెళ్ళాడు. ఓనరు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు, ఈయన విని వచ్చేశాడు. రెండోసారి టీ ఇచ్చి మనవరాలి ఫోటోలు చూపించాడు. మూడోసారి రొట్టెలాయనే ఎలాగో తెగించి, "మావయ్యా, లీజు సంగతి..." అన్నాడు.

"మన మధ్య కాగితాలేమిటి అల్లుడూ? నేను లేనూ?" అన్నాడు ఓనరు.

ఇంటికొచ్చి, ఇచ్చేశానని భార్యతో చెప్పాడు. అందినట్టు సంతకం పెట్టించుకున్నావా అంటే, పెద్దాయన్ని ఎలా అడుగుతానన్నాడు. ఆమె నమ్మింది.

లీజు గడువు దాటిన నాలుగో రోజున రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఖాళీ చెయ్యాలి, బట్టీ తీసెయ్యాలి. రొట్టెలాయన పరుగెత్తాడు. ఓనరు ఆయన్ని కూర్చోబెట్టి మళ్ళీ టీ ఇప్పించాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళకు తొందర ఉండదు.

"మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ ఆ కవరు నీ జేబులోంచి కనపడుతూనే ఉంది," అన్నాడు. "ఇస్తావేమోనని భయపడ్డాను కూడా. ఇచ్చుంటే నేను చేసేదేం లేదు."

కనీసం వేరేచోట బట్టీ ఆరేదాకా ఆగమని రొట్టెలాయన బతిమాలాడు. కాళ్ళు కూడా పట్టుకున్నాడు. మందుల షాపువాళ్ళతో అప్పుడే కాగితం రాసుకున్నానని, ఇప్పుడు మాట తప్పితే బాగుండదని ఓనరు చెప్పాడు.

ఇంట్లో భార్య మాత్రం భయపడలేదు. ఉత్తరం ఇచ్చాం కదా, వాడి తరమా అంది. తనే లాయరు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. సంతకం లేకపోయినా ఫరవాలేదట, ఫలానా రోజున నా చేత్తో ఇచ్చానని నువ్వు ప్రమాణం చేసి చెబితే పోరాడొచ్చట, చొక్కా మార్చుకుని పద అంది.

రొట్టెలాయన కదల్లేదు. అబద్ధమాడి ప్రమాణం చెయ్యడానికి కూడా ధైర్యం కావాలి, అదీ ఆయన దగ్గర లేదు. పిండి డబ్బా వెనకనుంచి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె తన చేతిరాత తనే చాలాసేపు చూసుకుంది.

"కూలివాళ్ళని పిలవకు. నువ్వే పడగొట్టు," అంది.

బట్టీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన గునపం ఎత్తాడు. పద్దెనిమిదేళ్ళు కాలిన ఇటుకలు ఓ పట్టాన ఊడి రాలేదు. చేతులు బొబ్బలెక్కి, మసి కళ్ళలో పడి ఆయన ఆగినప్పుడల్లా, "ఇంకా ఉంది" అంది.