రవణమ్మత్త పేజీలో విదేశీ గడియారాలు

2023 వానాకాలం. నరసన్నపేటలో హైవే పక్క సందులో నాకో చిన్న ఇంటర్నెట్ సెంటరు ఉంది. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసివ్వడంతో పాటు, ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే కొందరి పేజీలు కూడా నేనే చూసుకునేదాన్ని. అందరిలోకీ పాత ఖాతా రవణమ్మత్తది. ఆవిడా, మావయ్యా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చేస్తారు. మాకు చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా అలవాటైపోయింది.

ఆవిడ సరుకు ఒక వేలం సైటులో ఉండేది. పాత్ర ఫొటో, కొలతలు, మొదటి ధర కలిపి పెట్టేదాన్ని లిస్టింగ్ అంటారు. గడువు లోపల ఎవరు ఎక్కువకు పాడితే పాత్ర వాళ్లది. కొన్నవాళ్లు తర్వాత రాసే మంచిచెడ్డలు ఫీడ్‌బ్యాక్. ఏడేళ్లలో ఆవిడ మీద ఒక్క చెడ్డమాట పడలేదు. పాత్రకు ఎక్కడైనా చిన్న సొట్ట ఉంటే ముందు దాన్నే దగ్గరగా ఫొటో తీయమనేది.

ఒక గురువారం పొద్దున్న మైసూరు నుంచి ఫోన్. రిటైరైన టీచరు, తెలుగావిడే. మా దగ్గర రెండు బిందెలు కొన్నారు. రవణమ్మగారు చేతి గడియారాలు కూడా అమ్ముతున్నారా అని అడిగారు. నవ్వుకుంటూ పేజీ తెరిచాను. నిజంగానే బిందెల స్థానంలో లక్షలు చేసే విదేశీ గడియారాలు, తోలు హ్యాండ్‌బ్యాగులు ఉన్నాయి. అన్నిటి మీదా అమ్మకందారు పేరు రవణమ్మ. లోపలికి వెళ్దామంటే నా పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు.

ఈ దొంగలకు పాత ఖాతాలే కావాలి. కొత్త పేరుతో ఖరీదైన గడియారం పెడితే ఎవరూ నమ్మరు. మంచి ఫీడ్‌బ్యాక్ ఉన్న ఖాతాను లాక్కుని, సగం ధరకే ఇస్తామని ఆశపెట్టి, డబ్బు సైటు బయట పంపించమంటారు. అందగానే మాయమైపోతారు. అప్పటికే ఒక గడియారానికి ఎవరో పాడేశారు. మర్నాడు సాయంత్రం ఐదింటికి గడువు.

కబురు పెట్టగానే రవణమ్మత్త ఆటోలో వచ్చేసింది. కుర్చీలో కూర్చుని, కొత్త ఫోన్‌లో తానే ఏదో తప్పు నొక్కి ఉంటానని, మావయ్యకు చెప్పొద్దని బతిమాలింది. నాకు ఇక దాచబుద్ధి కాలేదు. తప్పు నాది. వారం కిందట సైటు గుర్తుతోనే ఒక మెయిల్ వచ్చింది, ఖాతా ఆగిపోతుంది, వెంటనే సరిచూసుకోండి అని. సెంటరంతా హాల్ టికెట్ల కోసం వచ్చినవాళ్లు. ఆ హడావుడిలో లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ కొట్టేశాను. ఇలా దొంగ మెయిల్‌తో వల వెయ్యడాన్ని ఫిషింగ్ అంటారని నలుగురికీ చెప్పేదాన్ని నేనే. పైగా సులువుగా ఉంటుందని ఆవిడ ఖాతాకు నా మెయిలు, నా నంబరే పెట్టాను.

అంతా విని ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సదువుకున్నదానివి నువ్వే నొక్కీసినావా అమ్మీ? అయితే నానింక సిగ్గు పడక్కర్లేదు" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు పెట్టాం. సైటు వాళ్లకు రాస్తే, అందింది అని యంత్రం ఇచ్చే జవాబే వచ్చింది. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే రవణమ్మత్త పార్సెల్ పుస్తకం అడిగింది. అందులో కొన్నవాళ్ల నంబర్లన్నీ ఉన్నాయి. "మనల్ని ఎరిగినోళ్లకి సెప్దాం. ఆళ్లు సెప్తే ఇంటారు" అంది.

వరసగా ఫోన్లు చేశాం. ఆ పేజీ దొంగలది, రిపోర్ట్ అనే బొత్తాం నొక్కండి అని నేను హిందీలో చెప్పేదాన్ని. తర్వాత ఆవిడ ఫోన్ లాక్కుని, ఎవరికైనా సరే తన తెలుగులోనే బిందె ఎలా ఉంది, నల్లబడిందా, చింతపండుతో తోముతున్నారా అని అడిగేది. నాగపూర్‌లో కంచు గిన్నె కొన్న ఆయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మాట్లాడుతూనే వంటింట్లోకి వెళ్లి ఆ గిన్నె మీద టంగుమని కొట్టి వినిపించాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

మర్నాడు మూడున్నరకు, ఫిర్యాదులో రాసిన నా నంబరుకు సైటు నుంచి ఒక అమ్మాయి వీడియో కాల్ చేసింది. ఒకే ఖాతా మీద ఇన్ని ఫిర్యాదులు రావడంతో చూశానంది. ఖాతాలో పేరు తప్ప అన్నీ మార్చేశారు, అసలు మనిషి మీరేనని ఎలా నమ్మాలి అని అడిగింది. నాకు పాత ఫొటోలు గుర్తొచ్చాయి. కొలత తెలియాలని ప్రతి పాత్ర పక్కనా రవణమ్మత్త చెయ్యి పెట్టించేదాన్ని. ఆ ముంజేతి మీద తేలు బొమ్మ పచ్చబొట్టు ఉంటుంది. ఆవిడ చెయ్యి కెమెరా ముందు పెట్టింది. ఆ అమ్మాయి సైటు రికార్డుల్లోంచి ఏడేళ్ల కిందటి మొదటి ఫొటో తెరిచి, రెండూ చూసి, కొండి ఒంకర కూడా కలిసిందని నవ్వేసింది.

నాలుగున్నరకల్లా గడియారాలన్నీ పేజీలోంచి పోయాయి. పాట పాడిన ఆయన డబ్బు ఇంకా పంపలేదు. ఎవరికీ నష్టం జరగలేదని తెలిశాక రవణమ్మత్త పక్క కొట్టు నుంచి టీలు తెప్పించింది. కరెంటు బిల్లు కట్టడానికొచ్చిన ఇద్దరికి కూడా.

ఖాతా తాళంచెవి నా దగ్గర ఉంటే అందరికీ సులువు అనుకునేదాన్ని. అందరి గుమ్మాలకీ ఒకే తాళం వేశానని ఆ రెండు రోజుల్లో తెలిసింది. ఆ వారంలోనే ఒక్కొక్కరినీ పిలిచి, ఎవరి మెయిల్ వాళ్లకి, ఎవరి నంబరు వాళ్లకి మార్చాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని అందరికీ మరీమరీ చెప్పాను. రవణమ్మత్త తన పాస్‌వర్డ్ తానే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టుకుంది.

పాత అలవాటు కొద్దీ, ఏం పెట్టావత్తా అని అడిగాను.

ఆవిడ ఫోన్ బోర్లా పెట్టేసింది. "ఎవులికీ సెప్పొద్దని నువ్వే అన్నావు కదమ్మీ. ఎవులికీ అంటే నీక్కూడా కాదేటి?"