తెరేసమ్మ బంగారు రంగు వాచీ

కంకిపాడులో తెరేసమ్మ ఇల్లెక్కడని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. సిస్టరమ్మ ఇల్లంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా జీవితమంతా గడిపి రిటైరయిన మనిషి ఆమె. తనకోసమని కోరుకున్నది ఒక్కటే, బంగారు రంగు విదేశీ వాచీ.

ఆ కోరిక పాతది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పసిబిడ్డకు స్నానం చేయిస్తుంటే ఆమె వాచీలోకి నీళ్లు పోయి అది ఆగిపోయింది. వార్డు చూడటానికొచ్చిన డాక్టర్ రూతుగారు తన చేతికున్న బంగారు రంగు విదేశీ వాచీ విప్పి ఆమె మణికట్టుకు పెట్టారు.

"వాచీ లేకపోతే నాడి ఎట్లా చూస్తావమ్మా? సాయంత్రం ఇద్దువుగానిలే" అన్నారు.

ఆ పూటంతా తెరేసమ్మ ఎడమచెయ్యి ఎత్తిపట్టుకునే తిరిగింది. "చెయ్యి బెణికిందా సిస్టరమ్మా?" అంటూ ఆయా సైదాబీ ఏడిపించింది. ఇప్పుడా డాక్టరుగారు లేరు. ఆ వార్డూ పడగొట్టేశారు. సైదాబీ బెజవాడ వన్‌టౌన్‌లో కూతురి దగ్గరుంటోంది.

మొన్న వేసవిలో ఆమెను చూడటానికెళ్లి, మాటల్లో మాటగా తెరేసమ్మ తన కోరిక బయటపెట్టింది.

"అసలుది మనవల్ల ఏమవుద్ది? అచ్చం అట్లాంటివే కాపీలు అమ్ముతారంట, లే, పోదాం" అని సైదాబీ చెప్పులేసుకుంది.

బీసెంట్ రోడ్డు పక్క సందులో బసవపున్నయ్య అనే పెద్దాయన దుకాణం. తెరేసమ్మ చెప్పిన గుర్తులు విని ఒక వాచీ తీసి గుడ్డమీద పెట్టాడు.

"ఫస్ట్ కాపీ అండీ. అసలుదని అబద్ధం చెప్పి అమ్మను."

తెరేసమ్మ కళ్లజోడు సవరించుకుని, వాచీని వెలుతురుకేసి తిప్పింది. బరువు చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది. పుండు కట్టు విప్పి చూసినప్పటి శ్రద్ధే ఆ మొహంలో.

"ఇది కాదండీ. దీని సెకన్ల ముల్లు ఆగాగి దూకుతోంది. డాక్టరుగారి దాంట్లో ముల్లు నూనెమీద జారినట్టు పోయేది."

"అది బ్యాటరీది కాదమ్మా, చేతి కదలికకే తిరిగేది. ఉండండి" అని ఆయన లోపల్నించి ఇంకోటి తెచ్చాడు.

దీంట్లో ముల్లు జారుతూనే పోతోంది. కానీ తెరేసమ్మ అంత తొందరగా వదల్లేదు. "కంపెనీ పేరులో ఈ అక్షరం పక్కకి ఒరిగిందేంటండీ?" అంది.

బసవపున్నయ్య భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. "ఒరిగిందమ్మా. కాపీ కదా!"

ఆమె వాచీ పెట్టుకుని, సైదాబీ చెయ్యి లాక్కుని నాడిమీద మూడు వేళ్లు ఆనించింది. కళ్లు ముల్లుమీద నిలిచిపోయాయి. సందులో ఆటోల మోత ఆమెకు వినిపించలేదు. ఫినాయిల్ వాసన, వరసగా ఇనప మంచాలు, "ఎంతుందమ్మా?" అంటూ వెనకనుంచి డాక్టరుగారి గొంతు.

"డెబ్బై ఆరు" అంది తెరేసమ్మ పైకే.

"ఎవరికి చెప్తన్నావ్?" అంది సైదాబీ. తెరేసమ్మ కళ్లు తుడుచుకోవడం చూసి, చెయ్యి అలాగే ఉంచింది.

బసవపున్నయ్య వదులుగా ఉన్న గొలుసులో రెండు లింకులు తీసి బిగించి ఇచ్చాడు. బస్టాండు దాకా సైదాబీ వెంట వచ్చింది.

"ఎవరన్నా అడిగితే డాక్టరమ్మ ఇచ్చిందని చెప్పు."

"ఛ, ఆవిడ పేరుమీద అబద్ధమా! నేనే కొనుక్కున్నానని చెప్తా."

వానాకాలం దాటేసరికి గొలుసు కొక్కెం దగ్గర పూత పోయి తెల్లగా తేలింది. వాచీ కూడా రోజుకు కాస్త వెనకబడుతుంది. ఆదివారం చర్చిలో పూజకు బయల్దేరేముందు ఫోన్ చూసి సరిచేసుకుని, చేతికి పెట్టుకుని, చీర కొంగు దానిమీద పడకుండా సర్దుకుని వెళుతుంది తెరేసమ్మ.