పట్టు తప్పిన పియానో మేకులు

డెబ్బైల చివర్లో మదనపల్లెలో ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పే ఉద్యోగం నాది. హాల్లో పాత నిలువు పియానో ఒకటి ఉండేది, ఎప్పుడో దొరసానులు వదిలిపోయింది. దాని మీద నా ప్రేమ చూసి ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, అది లేకుంటే నేను ఆ ఊళ్లో ఒక్క ఏడాది కూడా నిలిచేదాన్ని కాదు.

ఒక వేసవిలో దానికి కష్టమొచ్చింది. పియానోలో ప్రతి తీగ కొసా ఒక ఇనుప మేకుకు చుట్టి ఉంటుంది. ఆ మేకు చెక్కలో బిర్రుగా ఉంటేనే తీగ బిగువుగా నిలుస్తుంది. మా ఎండలకు చెక్క ఎండిపోయి రంధ్రాలు వదులయ్యాయి. పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నానికి తీగలు జారిపోయేవి. పిల్లలది ఒక దారి, పియానోది ఒక దారి. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, "వచ్చే వారం బెంగళూరు నుంచి పాత సామాన్లు కొనేవాళ్లు వస్తారు, ఇచ్చేద్దాం. నీకు హార్మోనియం చాలు కదా" అంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉండేది. "ఆలోపల బాగుచేస్తే ఉంచుతారా?" అని అడిగేశాను. ఉంచుతానంది. ఎలా బాగుచెయ్యాలో మాత్రం నాకేం తెలుసు.

మా నాయన పుంగనూరులో బండి చక్రాలు చేసే వడ్రంగి. బస్సెక్కి పోయి ఆయన్ను పిలుచుకొచ్చాను. పియానో మూత తీసి చూసి తెగ మురిసిపోయాడు.

"ఇదేం పెద్ద పనమ్మా. చక్రం వదులైతే ఏం జేస్తాం? నీళ్లలో నానేస్తాం. చెక్క ఉబ్బుతాది, చుట్టూ ఉండే ఇనప పట్టా బిగుసుకుంటాది."

నాకూ నిజమేననిపించింది. తడి గోనెసంచి ఆ చెక్కకు చుట్టి ఉంచాం. మరునాటికి మేకులు బిగిశాయి. నేను ఎగిరి గంతేసి, శ్రుతి చేసి, సాయంత్రం దాకా వాయించాను. తర్వాత చెక్క ఆరింది. మేకులు మునుపటికంటే వదులైపోయాయి, పైగా తుప్పు.

"చక్రానికి దావెంబడి పోతా ఉంటే వాగు దొరికి మళ్లా తడుస్తాది, దీనికి వాగు యాడ దొరుకుతాది" అన్నాడు నాయన తల గోక్కుంటూ. నేను ఆయన మీద అరిచాను. ఆయనా అరిచాడు. ఇద్దరిదీ ఒకే నోరు.

కుప్పంలో చర్చి పియానో చూసుకునే రైల్వేలో రిటైరైన పెద్దాయన ఉన్నాడని విని అక్కడికి పరుగెత్తాను. నీళ్లు పెట్టామంటే తల పట్టుకున్నాడు, తర్వాత పడిపడి నవ్వాడు. "చెక్క రుద్దే ఉప్పుకాగితం పెట్టి సూడమ్మా. గరుకు పక్క చెక్కకు, నున్నటి పక్క మేకుకు" అని, నా దగ్గరున్నది అరిగిపోయిందంటే మేకులు తిప్పే తన కీ నా చేతిలో పెట్టాడు.

హాలు తలుపులేసుకుని నాయనా నేనూ పనిలో దిగాం. నేను తీగ వదులు చేసి, మేకు బయటికి తీసి, తుప్పు గీకేదాన్ని. ఆయన ఉప్పుకాగితం గొట్టంలా చుట్టి రంధ్రంలో దూర్చి, మేకును సుత్తితో దించేవాడు. మొదటి మేకుకు కీ వేసి తిప్పగానే అది కిర్రుమంటూ నా చేతికి ఎదురు తిరిగింది.

"నాయనా, పట్టుకుంటాండాది" అన్నాను.

ఆయన కీ లాక్కుని తానూ తిప్పి చూశాడు. ఇక మాకు అన్నం కూడా గుర్తు రాలేదు. కీ కోసం పోట్లాడుకుంటూ వదులైన మేకులన్నీ బిగించాం.

కొనేవాళ్ల లారీ వచ్చిన రోజు పొద్దున్నే బడిలో ప్రార్థన. ముందు రోజు చేసిన శ్రుతి నిలిచిందో లేదో నొక్కి చూసుకునే ధైర్యం కూడా నాకు చాలలేదు. హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడింది, నాయన పిల్లల వెనక గోడకు ఆనుకున్నాడు. వాయించాను. పిల్లలు గొంతెత్తి పాడారు. ఒక్క తీగా జారలేదు. పాట అయిపోగానే ఆమె అటెండరును పిలిచి లారీని వెనక్కి పంపెయ్యమంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిల్లల పాటతో కలిపి నా వాయింపు నాయన వినడం అదే మొదలు. ఆయన దగ్గరికి పరుగెత్తి, "ఎట్లుండాది నాయనా పాట?" అని అడిగాను.

"పాట యాడ విన్నానమ్మా" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "యా మేకు జారిపోతాదో అని దాన్నే వింటాంటి. ఇంగోసారి వాయించు, ఇప్పుడు వింటాను."

పిల్లలు క్లాసులకు వెళ్లిపోయిన హాల్లో, ఆయనొక్కడి కోసం మళ్లీ మొదలుపెట్టాను.